ఓడించే నియమమే పాఠం: నాలుగు కంప్యూటర్ ఆటలపై ఒక ఆటగాడి అభిప్రాయం

2025 సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో రెండు డాకింగ్ ప్రయత్నాలు నడిచాయి. ఒకటి టీవీ వార్తల్లో. స్పేడెక్స్ ప్రయోగంలో ఇస్రో పంపిన రెండు చిన్న ఉపగ్రహాలు, ఒక్కొక్కటి సుమారు 220 కిలోల బరువున్నవి, భోగికి ముందురోజు, అంటే జనవరి 12న, 15 మీటర్ల దూరానికి, ఆ తర్వాత 3 మీటర్ల దూరానికి వచ్చి మళ్లీ వెనక్కి జరిగాయి. రెండోది నా కంప్యూటర్‌లో. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అనే ఆటలో తన వ్యోమనౌకను ముందు వెళ్తున్న మరో నౌకకు అతికించడానికి తంటాలు పడుతోంది.

“మామయ్యా, అది ముందుంది, నేను వెనకున్నాను. స్పీడ్ పెంచితే అందుకుంటాను కదా?” అని అడిగింది. పెంచి చూడమన్నాను. పెంచింది. మొదట కాస్త దగ్గరైనట్టే అయి, తర్వాత దూరం పెరగసాగింది. మళ్లీ పెంచింది. ఇంకా దూరమైంది. మూడోసారికి ఇంధనం అయిపోయింది. “ఈ గేమే తప్పు” అని తేల్చేసింది.

ఆట తప్పు కాదు. 1965 జూన్‌లో అమెరికా జెమిని-4 యాత్రలో జేమ్స్ మెక్‌డివిట్ అనే వ్యోమగామి కూడా ఇదే పని చేశాడు. తమను మోసుకొచ్చిన రాకెట్ చివరి దశ కొద్ది దూరంలో తేలుతూ కనిపిస్తుంటే, నౌకను దానివైపు తిప్పి థ్రస్టర్లు వెలిగించాడు. అది దగ్గరకు రాలేదు. ఇంధనం కరిగిపోతుండటంతో ఆ ప్రయత్నాన్ని విరమించుకోవాల్సి వచ్చింది. శిక్షణ పొందిన పైలట్‌కే అంతుపట్టనిది పదమూడేళ్ల పిల్లకు అంతుపట్టకపోవడంలో వింతేమీ లేదు.

కక్ష్యలో తిరుగుతున్న వస్తువు వేగం పెంచితే అది పై కక్ష్యకు ఎక్కుతుంది. పైన దారి పొడవు ఎక్కువ, అక్కడ నడక నెమ్మది. కాబట్టి ఒక చుట్టు పూర్తి కావడానికి ఎక్కువ సమయం పట్టి వెనకబడిపోతాం. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే కిందికి జారతాం. కింద దారి చిన్నది, నడక వేగం ఎక్కువ. అలా ముందుకు వచ్చి, సరైన సమయంలో మళ్లీ పైకి ఎక్కితే ఎదుటి నౌక పక్కనే ఉంటుంది. కెప్లర్ మూడో సూత్రంలోని సారం ఇదే.

జనవరి 16న, ముక్కనుమ నాడు, ఇస్రో ఉపగ్రహాలు రెండూ అతుక్కున్నాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది. మా మేనకోడలి నౌకలు మాత్రం అప్పటికీ కలవలేదు. కానీ “అంత దగ్గరకు వచ్చాక ఇన్ని రోజులు ఎందుకమ్మా?” అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే, పళ్లెం అంచు మీద వేలు తిప్పుతూ సమాధానం చెప్పింది ఆ పిల్లే.

ఒక చిన్న పరీక్ష

నేను శాస్త్రవేత్తను కాదు, ఇంజనీరును కూడా కాదు. పగలు లెక్కలు రాసే ఉద్యోగం, రాత్రి గంటో గంటన్నరో కంప్యూటర్ ఆట. ఇది చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఈ మధ్య ఆడిన ఆటల్లో సైన్స్ పేరు చెప్పుకునేవి, చెప్పుకోకుండానే నేర్పేవి, చెప్పుకుంటూ తప్పుదారి పట్టించేవి కూడా ఉన్నాయి. వాటిని వేరుచేయడానికి నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆటలోంచి సైన్సును తీసేస్తే ఆట మిగులుతుందా?

పిల్లల కోసం ‘విద్యా ఆటలు’ అని ఫోన్లలో దొరికేవి చాలావరకు ఈ పరీక్షలో నిలబడవు. బెలూన్ పగలాలంటే ‘కిరణజన్య సంయోగక్రియకు కావలసిన వాయువు ఏది?’ అనే ప్రశ్నకు జవాబు నొక్కాలి. అక్కడ ఆ ప్రశ్న తీసేసి క్రికెట్ ప్రశ్న పెట్టినా బెలూన్ అలాగే పగులుతుంది. అంటే ఆ ఆటలో సైన్స్ లేదు. బెలూన్ పగలగొట్టడానికి చెల్లించే రుసుముగా మాత్రమే ఉంది. పిల్లలు తెలివైనవాళ్లు, రుసుము చెల్లించడం త్వరగానే నేర్చుకుంటారు. జవాబు గుర్తుంటుంది, కారణం తెలియదు.

కెర్బల్‌లో గురుత్వాకర్షణను తీసేస్తే ఆడటానికి ఏమీ మిగలదు. అక్కడ మనల్ని ఓడించేది శత్రువు కాదు, ప్రకృతి నియమం. బతిమాలినా, ఎక్కువసార్లు నొక్కినా అది లొంగదు. దాన్ని అర్థం చేసుకోవడం ఒక్కటే దారి. నా దృష్టిలో సైన్స్ నేర్పే ఆట అంటే ఇదే.

కెర్బల్ చెప్పే నిజం, చెప్పే అబద్ధం

మెక్సికో నగరానికి చెందిన స్క్వాడ్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆట తొలిరూపం 2011లో వచ్చింది. పూర్తి రూపం 2015లో విడుదలైంది. ఇంధన ట్యాంకులు, ఇంజన్లు, రెక్కలు మనమే అమర్చి రాకెట్ కట్టాలి. నా మొదటి పది రాకెట్లలో కొన్ని ప్రయోగ వేదిక మీదే పేలిపోయాయి, కొన్ని గాలిలో తలకిందులయ్యాయి. ఎక్కువ ఇంధనం పెడితే ఎక్కువ ఎత్తుకు వెళ్తుందనుకుని ట్యాంకులు పేర్చాను. బరువు పెరిగి అసలు కదలనే లేదు. ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కావాలన్న త్సియోల్కోవ్‌స్కీ రాకెట్ సమీకరణం నాకు తలకెక్కింది ఆ రాత్రే.

కానీ ఈ ఆట ఒక పెద్ద వెసులుబాటు ఇస్తుంది. కెర్బిన్ అనే దాని గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లే. భూమిది 6,371. అయినా రెండింటి ఉపరితల గురుత్వం ఒకటే. ఇది సాధ్యం కావాలంటే కెర్బిన్ సాంద్రత భూమి సగటు సాంద్రతకు పది రెట్లకు పైగా ఉండాలి. లోహాలన్నింటిలో అత్యంత సాంద్రమైన ఆస్మియం కంటే కూడా రెండున్నర రెట్లు! అలాంటి గ్రహం ఉండదు. ఆట కోసం అలా చేశారు.

దీనివల్ల ఏమవుతుంది? కెర్బిన్ చుట్టూ తక్కువ ఎత్తులో తిరగడానికి సెకనుకు సుమారు 2.3 కిలోమీటర్ల వేగం చాలు. భూమి చుట్టూ అయితే 7.8 కావాలి. మూడున్నర రెట్లు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ రాకెట్ సమీకరణంలో ఆ తేడా ఘాతాంకంలోకి వెళ్తుంది. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వాయువులను వదిలే ఇంజన్ తీసుకుని, గాలి నిరోధం లాంటివి పక్కనపెట్టి లెక్క వేయండి. ఆటలో రాకెట్ బరువులో సగానికి కొంచెం ఎక్కువ ఇంధనమైతే సరిపోతుంది. భూమి మీద 92 శాతానికి పైగా ఇంధనమే ఉండాలి. మిగిలిన ఎనిమిది శాతంలోపే ట్యాంకులు, ఇంజన్లు, ఉపగ్రహం అన్నీ ఇమడాలి. కెర్బల్‌లో నేను సులువుగా చేసిన పనిని శ్రీహరికోటలో చేయడానికి ఎందుకంత కష్టపడతారో ఈ లెక్క వేసుకున్నాకే తెలిసింది.

రెండో అబద్ధం నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయల్దేరినప్పుడు ఆఫీసులో టీ తాగుతూ, “ఎల్1 దగ్గర ఏ గ్రహమూ లేదు, ఖాళీ చోటు చుట్టూ ఏదీ తిరగలేదు, వార్తల్లో ఏదో పొరపాటు రాశారు” అని గట్టిగా వాదించాను. ఆటలో వందల గంటలు గడిపినవాడినన్న ధీమా! పొరపాటు నాదే. కెర్బల్‌లో నౌక మీద ఒక సమయంలో ఒక్క గోళం గురుత్వమే పనిచేస్తుంది. చంద్రుడి పరిధిలోకి వెళ్లగానే గ్రహం లాగడం ఆగిపోతుంది. నిజ ప్రపంచంలో సూర్యుడు, భూమి రెండూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. ఆ రెండు లాగుడులూ కలిసి, భూమితో పాటే ఏడాదికి ఒకసారి సూర్యుణ్ణి చుట్టివచ్చేలా చేసే చోటే ఎల్1. భూమి నుంచి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. 2024 జనవరి 6న ఆదిత్య అక్కడి కక్ష్యలో చేరింది. నా ఆటలో అలాంటి చోటే లేదు కాబట్టి, లోకంలోనూ లేదనుకున్నాను.

అప్పటినుంచి నా పరీక్షకు రెండో ప్రశ్న చేర్చాను. ఈ ఆట ఎక్కడ అబద్ధం చెబుతోంది? ప్రతి ఆటా ఎక్కడో ఒకచోట చెబుతుంది, చెప్పకపోతే ఆడలేం. పాఠ్యపుస్తకంలోని ‘ఘర్షణ లేని తలం’ కూడా అలాంటిదే. కాకపోతే పుస్తకం ఆ మాట ముందే చెబుతుంది, ఆట చెప్పదు.

జ్ఞాపకం తప్ప ఏదీ మిగలని ఆట

‘ఔటర్ వైల్డ్స్’ 2019లో వచ్చింది. అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టిన పని పెరిగి ఇలా పెద్ద ఆట అయింది. ఇందులో ఒక చిన్న సౌరకుటుంబం ఉంటుంది. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు. అందరూ చనిపోతారు. కళ్లు తెరిస్తే మళ్లీ మొదటి ఉదయం. సంపాదించిన వస్తువులు ఉండవు, బలం పెరగదు. మిగిలేది మనం తెలుసుకున్నది ఒక్కటే.

చూడటం, ఊహించడం, ఊహను పరీక్షించడం, తప్పని తేలితే వదిలేయడం. ఈ ఆట మొత్తం ఇంతే. సైన్స్ గురించి ఒక్క ఉపన్యాసం లేకుండా సైన్స్ చేసే పద్ధతిని చేతికి అలవాటు చేసిన ఆట నాకు తెలిసినంతలో ఇదే. దాని రహస్యాలు ఇక్కడ చెప్పను, చెబితే ఆట ఆడినట్టే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఇందులో ‘క్వాంటమ్’ రాళ్లు ఉంటాయి. చూస్తున్నంతసేపు కదలవు, చూపు తిప్పగానే చోటు మారతాయి. ఆటగా అద్భుతం. కానీ క్వాంటమ్ సిద్ధాంతంలో ‘పరిశీలన’ అంటే మనిషి కన్ను వేయడం కాదు. ఏ పరికరమైనా, చివరికి ఒక గాలి అణువైనా ఆ కణంతో చర్య జరిపితే చాలు. రాయంత పెద్ద వస్తువును గాలి, వెలుతురు క్షణక్షణం తాకుతూనే ఉంటాయి. అందుకే మన పెరట్లో రాయి మనం చూడకపోయినా అక్కడే ఉంటుంది. మనసు శక్తితో లోకం మారుతుందని క్వాంటమ్ పేరు చెప్పి పుస్తకాలు, మాత్రలు అమ్మేవాళ్లు ఉన్న దేశంలో ఈ తేడా పిల్లలకు చెప్పి తీరాలి.

నచ్చిన ఆటే ఇబ్బంది పెట్టింది

‘ప్లేగ్ ఇంక్’ 2012 నాటిది. ఇందులో మనం వ్యాధికారక సూక్ష్మజీవి పాత్ర వహించి ప్రపంచమంతా వ్యాపించాలి. విమానాలు, ఓడలు, సరిహద్దుల మూసివేత, మందు తయారీ, అన్నీ ఉంటాయి. గ్రీన్‌లాండ్ లాంటి రాకపోకలు తక్కువున్న చోటును అందుకోలేక చాలాసార్లు ఓడిపోయాను. ప్రయాణాల వలలో వ్యాధి ఎలా పాకుతుందో ఇంత స్పష్టంగా చూపిన ఆట మరొకటి చూడలేదు.

కానీ దాని గుండెకాయలాంటి నియమమే తప్పు. పాయింట్లు కూడబెట్టి ‘గాలిలో వ్యాప్తి’ అనే గుణం కొంటాం. కొన్న మరుక్షణం ప్రపంచంలోని రోగులందరిలో ఉన్న సూక్ష్మజీవికి ఆ గుణం వచ్చేస్తుంది. నిజంగా జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉత్పరివర్తన ఏదో ఒక మనిషిలో, జన్యుపదార్థం నకలు తీసే సమయంలో పొరపాటుగా పుడుతుంది. చాలావరకు పనికిరాకుండా పోతాయి. ఎప్పుడో ఒకటి మిగతావాటికంటే వేగంగా వ్యాపించగలిగితే, కాలక్రమంలో అదే ఎక్కువై కనిపిస్తుంది. దీని వెనక ఆలోచన లేదు, పథకం లేదు.

కోవిడ్ రోజుల్లో ‘వైరస్ తెలివి మీరింది’ అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! ఆ అపోహను ఈ ఆట చేతివేళ్లతో సాధన చేయిస్తుంది. 2020 జనవరిలో జనం ఈ ఆటను ఆడి కరోనా సంగతి తెలుసుకోవాలని ఎగబడినప్పుడు, ఇది ఆట మాత్రమే, శాస్త్రీయ నమూనా కాదని తయారీదారులే ప్రకటన చేశారు. అదే ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితర సంస్థల నిపుణుల సలహాతో, వ్యాధిని అడ్డుకునేవారి వైపు నుంచి ఆడే రూపాన్ని విడుదల చేశారు. ఆడదలచుకుంటే దాన్ని ఆడమంటాను.

ఆటగాళ్లు పరిశోధకులైన చోటు

నాలుగోది ‘ఫోల్డిట్’. ఉచితం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసింది. ప్రోటీన్ అనేది అమైనో ఆమ్లాల గొలుసు. అది ఏ ఆకారంలో ముడుచుకుంటుందన్నదాన్ని బట్టే దాని పని ఉంటుంది. ఆటలో ఆ గొలుసును మౌస్‌తో వంచి, తిప్పి, శక్తి తక్కువగా ఉండే ఆకారానికి తేవాలి. అలా చేసినకొద్దీ స్కోరు పెరుగుతుంది. నా స్కోర్లు చెప్పుకోదగ్గవి కావు. కానీ 2011లో కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు కలిగించే ఒక వైరస్‌కు చెందిన ఎంజైమ్ నిర్మాణాన్ని ఈ ఆటగాళ్లు మూడు వారాల్లో పట్టుకున్నారు. పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు చిక్కని సమస్య అది. వాళ్లలో చాలామంది జీవరసాయనం చదివినవాళ్లు కారు.

ఇప్పుడు ఆ పనిలో కృత్రిమ మేధ చాలా ముందుకు వెళ్లింది. ప్రోటీన్ల ఆకారాలపై జరిగిన కృషికి 2024 రసాయనశాస్త్ర నోబెల్ ముగ్గురికి దక్కింది. వారిలో డేవిడ్ బేకర్ ప్రయోగశాల నుంచే ఫోల్డిట్ వచ్చింది. మరొకరు డెమిస్ హస్సాబిస్. పదిహేడేళ్ల వయసులో ‘థీమ్ పార్క్’ అనే కంప్యూటర్ ఆట రూపకల్పనలో పాలుపంచుకున్నవాడు. ఆటలాడితే చెడిపోతారనే వాదన ఎత్తుకునేవారికి నేను ఈ పేరు చెబుతుంటాను. అయితే ఆటలాడితే నోబెల్ వస్తుందని చెప్పడం కూడా అంతే తప్పని నాకు తెలుసు.

పెద్దలకు ఒక మాట

ఆటల మీద తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టింది కాదు. డబ్బు గుంజడానికే తయారైన ఆటలున్నాయి, నిద్ర మింగేవి ఉన్నాయి. నేనే కెర్బల్ ముందు కూర్చుని తెల్లవారడం చూసిన రోజులున్నాయి, మర్నాడు లెక్కల్లో తప్పులు దొర్లాయి. గంట అయ్యాక ఆపించడం పెద్దల పనే. కానీ ఆ గంటసేపు పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడగడం కూడా పెద్దల పనే. ఎందుకు ఓడిపోయావు? నిజంగా కూడా ఇలాగే జరుగుతుందా?

మా మేనకోడలికి సైన్సులో మార్కులు తక్కువ. “నాకు సైన్స్ రాదు” అని తనే నిర్ణయించేసుకుంది. తరగతిలో ఒక తప్పుకు ఒక మార్కు పోతుంది, ఎర్ర సిరా పడుతుంది, మరో పాఠం మొదలవుతుంది. ఆటలో ఇరవైసార్లు తప్పు చేసినా ఎవరూ ఏమీ అనరు, ఇరవై ఒకటోసారి అవకాశం ఉంటుంది. రాదనుకున్న పిల్ల కక్ష్యల గురించి వాదించడానికి కారణం ఆ అవకాశమే. అయితే ఔటర్ వైల్డ్స్ దగ్గర మాత్రం పది నిమిషాల్లో లేచిపోయింది. ఆ ఆటలో ఆధారాలన్నీ చదివి తెలుసుకోవాల్సినవి, అన్నీ ఇంగ్లిషులో. ఓడించింది ప్రకృతి నియమం కాదు, భాష. నేను చెప్పిన నాలుగింటిలో ఒక్కటీ తెలుగులో లేదు.

అనువాదాలతోనే ఆగిపోనక్కర్లేదు. ఆటకు పనికివచ్చే నియమాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. కాకతీయుల కాలం నుంచి ఉన్న గొలుసుకట్టు చెరువులనే తీసుకోండి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పై కట్ట తెగితే ఆ నీటి దెబ్బకు కింది కట్టలూ తెగే ప్రమాదం ఉంది. తూము ఎప్పుడు తెరవాలి, పూడిక ఎప్పుడు తీయాలి, వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలి? ఈ ప్రశ్నలతో నడిచే ఆటలో నీటి లెక్క తప్పితే పంట ఎండుతుంది, లేదా కట్ట తెగుతుంది. అందులో సైన్సును తీసేస్తే ఆటే మిగలదు. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కోడ్ రాసే పిల్లలకు కొదవ లేదు. బెలూన్లు పగలగొట్టే మరో క్విజ్ బదులు ఇలాంటిదొకటి వారి ప్రాజెక్టు కావాలని నా కోరిక.

వేసవి సెలవుల్లో మా మేనకోడలు రెండు నౌకలనూ అతికించింది. ఎన్నో ప్రయత్నమో లెక్కలేదు. కేక విని గదిలోకి వెళ్లాను. కీబోర్డు పక్కన క్యాలెండర్ కాగితం వెనక రెండు వలయాలు గీసి ఉన్నాయి. చిన్న వలయం మీద ‘ఇక్కడ స్పీడ్ ఎక్కువ’ అని, కింద ‘అందుకే ముందు స్లో అవ్వాలి’ అని రాసుకుంది.